ఎవరూ చూడని దూరదర్శన్ తెలుగు కార్యక్రమాలకు అవార్డులు ఎందుకు ఇస్తారు? వాటికి విలువ ఉందా?

ప్రశ్నలో "ఎవరూ చూడని" అన్నారు చూడండి, నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. ఎవరూ చూడరని ఎవరు లెక్కపెట్టారు? 2015లో టీవీ ఎవరు ఏం చూస్తున్నారో లెక్కపెట్టే బార్క్ సంస్థ వచ్చి పల్లెల్లో కూడా ఆ లెక్కల మీటర్లు పెట్టేదాకా, ప్రకటనలవాళ్లు నమ్ముకున్న టీఆర్పీ అంతా పట్టణాల టీఆర్పీయే. పాడిపంటల కార్యక్రమం చూసే రైతు ఇంట్లో మీటరు పెట్టకుండానే ఆయన చూడటం లేదని తేల్చేశారు. ఆ లెక్క పట్టుకుని ఏళ్ల తరబడి ప్రకటనలు ఎవరికి ఇవ్వాలో నిర్ణయించారు. ఇప్పుడు అందరూ అదే మాట అంటున్నారు, మీరూ అంటున్నారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, కానీ ఆ మాట నిజం కాదు.

ఇక అవార్డుల సంగతి. ఇది నాకు బయటి నుంచి తెలిసిన విషయం కాదు. 90ల చివర్లో ఒక ప్రాంతీయ కేంద్రంలో క్యాజువల్‌గా పనిచేశాను. ఏ కేంద్రమో చెప్పను, అక్కడివాళ్లు కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు. క్యాజువల్ అంటే బుకింగ్ ఉన్న రోజే డబ్బులు, లేని రోజు లేవు. షూటింగులో క్లాప్ కొట్టడం నుంచి ఎడిటింగులో షాట్ల టైమ్‌కోడ్ రాయడం దాకా ఏ పని చెబితే ఆ పని చేసేవాణ్ణి. అప్పుడు మా యూనిట్ చేసిన ఒక డాక్యుమెంటరీకి జాతీయ స్థాయి పోటీలో బహుమతి వచ్చింది. దాని కథ చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

అది కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల మీద తీసిన అరగంట సినిమా. ఆ ప్రాంతానికి ఈ బాధ కొత్తది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్యులు మొదట రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా గురించే. కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేవి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ముందు పిల్లల పళ్లు గారపడతాయి. అవే నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. 1937లోనే తెలిసిన సంగతిని మేము 90ల్లో కూడా కొత్త వార్తలాగా చెప్పాల్సి రావడం ఎంత ఘోరమో, ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఆ ఊళ్లో ఒక పెద్దాయనను ఇంటర్వ్యూ చేయాలి. ఆయన ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. మా ప్రొడ్యూసర్ గారు అలవాటు ప్రకారం కెమెరాకు కాస్త పక్కగా కూర్చుని, మీకు ఎప్పటి నుంచి ఇలా ఉంది అని అడిగారు. పెద్దాయనకు మెడ తిరగదు. అడిగిన మనిషి వైపు చూసి జవాబు చెప్పడం మర్యాద కదా, అందుకని రెండు చేతులూ అరుగుకి ఆనించి, ముందు నడుము, తర్వాత భుజాలు, అలా కొంచెం కొంచెంగా ఒళ్లంతా తిప్పుకోవడం మొదలుపెట్టాడు. మేమంతా కొయ్యబారిపోయి చూస్తున్నాం. కెమెరా నడుస్తూనే ఉంది. ఆయన మొత్తం తిరిగి, ఊపిరి తీసుకుని, "పుట్టినకాణ్ణించీ ఈ నీళ్లే నాయనా" అన్నాడు. అప్పుడు కెమెరామన్, "తాతా, నువ్వింక కదలొద్దు, మేమే నీ ఎదరకొస్తాం" అని ట్రైపాడ్ తీసేసి, కెమెరాను ఒక పీట మీద పెట్టి, తను నేల మీద బోర్లా పడుకుని మిగతా ఇంటర్వ్యూ అంతా ఆయన చూపు ఎటు ఉందో అక్కణ్ణించే తీశాడు. అలా తీయమని కెమెరామన్‌కు ఎవరూ చెప్పలేదు.

ప్రివ్యూలో పైవాళ్లు ఆ తిరిగే షాట్ మరీ పొడుగైందని, సగానికి కోసి వెనక వ్యాఖ్యానం వేయమని అన్నారు. మా ప్రొడ్యూసర్ గారు ససేమిరా అన్నారు. మ్యూజిక్ లేదు, వ్యాఖ్యానం లేదు, దూరంగా ఎవరో చేతిపంపు కొడుతున్న చప్పుడు మాత్రమే ఉంది. ఆ షాట్ అట్లాగే ఉండాలి, లేదంటే క్యూ షీట్ మీద, అంటే టేపుతోపాటు వెళ్లే వివరాల కాగితం మీద, నా పేరు వేయొద్దు అన్నారు. చివరికి అట్లాగే టెలికాస్ట్ అయింది. ఇదే షాట్ ఈ రోజు ఏ వార్తా ఛానల్‌కైనా ఇవ్వండి. నాలుగు సెకన్లు చూపించి, వెనక ఏడుపు మ్యూజిక్ వేసి, కింద ఎర్ర అక్షరాల స్క్రోలింగు నడిపించి, మధ్యలో యాంకర్ కేకలు పెట్టి ముగించేస్తారు. ఒక మనిషి మెడ తిప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ చూపించే ఓపిక ప్రకటనలతో బతికే టీవీకి ఉండదు, ఉండే అవకాశం కూడా లేదు. పబ్లిక్ టీవీ ఉన్నదే అందుకు. ఆ పోటీ న్యాయనిర్ణేతలు గుర్తించింది కూడా ఆ షాట్‌నే అని నాకు గట్టి నమ్మకం.

అవార్డు వల్ల ఏం ఒరిగిందంటారా? చాలా ఒరిగింది. బయటివాళ్లకు అది ఒక జ్ఞాపిక, ఒక కాగితం. లోపల పనిచేసేవాళ్లకు అదే బలం. టీఆర్పీ చూపించుకోలేని కార్యక్రమానికి, దీన్ని ఆపొద్దు అని వాదించడానికి చేతిలో ఉండేది అదొక్కటే. అప్పటిదాకా మా ప్రొడ్యూసర్ గారు ఏ ప్రపోజల్ పెట్టినా బడ్జెట్ లేదు, బండి లేదు, కెమెరా ఖాళీ లేదు అనేవాళ్లు. బహుమతి వచ్చాక బండీ దొరికింది, కెమెరా యూనిట్ కూడా దొరికింది. జిల్లా ఆఫీసులకు ఫోన్ చేస్తే ఎత్తి మాట్లాడారు. అదే సినిమాను మళ్లీ ఒకసారి, ఈసారి జనం మేలుకుని ఉండే టైములో వేశారు. అవార్డు విలువ ఏమిటని అడిగితే నేను చెప్పేది ఇదే: ఆ తర్వాతి సినిమా తీయడానికి దారి దొరికింది.

కానీ సర్టిఫికెట్ మీద ఒక్క పేరే ఉంది, ప్రొడ్యూసర్ గారిది. ఆయన అర్హుడు, అందులో అనుమానం లేదు. మరి నేల మీద పడుకుని తీసిన కెమెరామన్? చేతిపంపు చప్పుడును అంత శుభ్రంగా పట్టిన సౌండ్ రికార్డిస్టు? వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఇది ఆ ఒక్క పోటీ జబ్బు కాదు. ఎంట్రీ ఫారంలో ఒక్క పేరుకే గడి ఉంటే ఏ పోటీలోనైనా ఇంతే జరుగుతుంది. అందులో క్యాజువల్స్ అయితే అసలు లెక్కలోకే రారు. మన ప్రాంతీయ కేంద్రాల్లో బుకింగ్ మీద బతికినవాళ్లు ఎంతమందో, వాళ్ల చేతుల మీదుగా వెళ్లిన మంచి కార్యక్రమాలు ఎన్నో, ఎవరూ రాసిపెట్టలేదు.

అంతకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది టేపు. కొన్నాళ్ల తర్వాత ఒక కాపీ అడుగుదామని వెళ్లాను. లైబ్రరీ రిజిస్టర్లో సినిమా పేరు ఉంది, టేపు నంబరు ఉంది, ఆ నంబరు టేపు అలమారలో ఉంది. పెట్టి చూస్తే ఏదో ప్రారంభోత్సవ సభ! అప్పట్లో రికార్డింగుకు వాడే బీటాక్యామ్ టేపులకు కొరత ఉండేది, ఉన్నవాటి మీదే మళ్లీ మళ్లీ రికార్డు చేసేవాళ్లు. అర్జంటుగా టేపు కావాల్సి వచ్చి, చేతికి అందినది తీసుకెళ్లారు. బహుమతి జ్ఞాపిక మాత్రం పెద్ద గదిలో అద్దాల బీరువాలో భద్రంగా ఉంది. బహుమతి తెచ్చిన సినిమా లేదు. అవార్డు ఇచ్చే ప్రతి సంస్థా, గెలిచిన కార్యక్రమం మాస్టర్ కాపీ ఒకటి తన దగ్గర పెట్టుకోవాలని, ఏడాదికి ఒకసారైనా మంచి టైములో ప్రసారం చేయించాలని నియమం పెట్టకపోతే ఆ అవార్డు సగం పనే చేసినట్టు. ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా ఒప్పుకోను.

మీరు నా ఒక్కడి అనుభవం అనుకోకుండా, అందరికీ తెలిసిన ఉదాహరణ చెబుతాను. 1975-76లో ఇస్రో, దూరదర్శన్ కలిసి అమెరికా ఉపగ్రహం సాయంతో 6 రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపాయి. సైట్ అంటారు దాన్ని, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. దాంతోపాటే గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, స్థానిక మాండలికంలో, ఆ ఊళ్ల మనుషులతోనే, వాళ్ల కూలి గొడవలు, కులం గొడవలు, పాడి పశువుల సంగతులు కార్యక్రమాలుగా తీశారు. దానికి 1984లో గ్రామీణ ప్రసారాల కోసం యునెస్కో ఇచ్చే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. ఒక జిల్లా టీవీకి! ఢిల్లీ కార్యక్రమాలకు కాదు, బొంబాయి సీరియళ్లకు కాదు. అయినా 80లు ముగిసేసరికి ఆ ప్రాజెక్టు కూడా ముగిసిపోయింది. ప్రపంచం మెచ్చిన పనిని కూడా మనం నిలబెట్టుకోలేదంటే లోపం అవార్డులో ఉందా, ఆ తర్వాత దాన్ని పట్టించుకోనివాళ్లలో ఉందా?

మన దగ్గర సంగతి ఇంకా అన్యాయం. సినిమాకు 1964 నుంచి రాష్ట్ర ప్రభుత్వ నంది అవార్డులు ఉండేవి, తర్వాత టీవీకి కూడా నందులు ఇచ్చారు. రాష్ట్రం విడిపోయాక అవి మూలనపడ్డాయి. సినిమాలకైనా మళ్లీ ఏదో ఒక పేరుతో అవార్డులు వస్తున్నాయి గానీ, టీవీని అడిగే నాథుడు లేడు. కేరళలో చలచ్చిత్ర అకాడమీ టీవీకి విడిగా రాష్ట్ర అవార్డులు ఇస్తుంది, అందులో డాక్యుమెంటరీలకు విభాగాలున్నాయి, టీవీ మీద రాసిన వ్యాసాలకు కూడా ఉన్నాయి. మనకు మిగిలింది ప్రైవేటు ఛానళ్లు తమ సీరియళ్లకు తామే ఇచ్చుకునే అవార్డుల పండగలు. ఉత్తమ అత్త, ఉత్తమ కోడలు, ఉత్తమ జంట! వాటిని అవార్డులు అనడానికి నాకు నోరు రాదు.

గుర్తింపు అంటే జ్ఞాపిక ఒక్కటే కాదు, అదీ నిజమే. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు 2024 ఏప్రిల్‌లో పోయినప్పుడు చూశారుగా, ఆయన్ను రోజూ తెర మీద చూసి ఎన్నేళ్లో అయినా జనం ఇంట్లో మనిషి పోయినట్టు మాట్లాడుకున్నారు. టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో కాగితం చూసి, తల ఎత్తి, మన కళ్లలోకి చూసి చదివిన మనిషి. అంత ప్రేమ ఏ కమిటీ ఇవ్వగలదు? అయితే ఆ ప్రేమ తెర మీద కనిపించినవాళ్లకే దక్కుతుంది. తెర వెనక ఉన్నవాళ్లకు దక్కేది, దక్కాల్సింది అవార్డే. అందుకే వాటికి విలువ లేదంటే నేను ఊరుకోలేను.

ఇంకో మాట కూడా చెప్పాలి. కేబుల్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం దూరదర్శన్ ఛానళ్లను ప్రతి కేబుల్ ఆపరేటరూ తప్పనిసరిగా ఇవ్వాలి. ఒకప్పుడు ఇచ్చేవాళ్లు, ఎక్కడ? అన్నిటికన్నా చివర, బొమ్మ గింజలు గింజలుగా కనిపించే చోట. ఇప్పుడు దూరదర్శన్ తెలుగు ఛానళ్లు సప్తగిరి, యాదగిరి ఎక్కడున్నాయో రిమోట్‌తో వెతుక్కోవాలి. దొరకని చోట పెట్టేసి ఎవరూ చూడటం లేదంటే ఎలా?

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: అవార్డులు ఇవ్వాలి, ఇంకా ఎక్కువ ఇవ్వాలి. రెండు రాష్ట్రాలూ టీవీ అవార్డులు మళ్లీ మొదలుపెట్టాలి, ప్రాంతీయ పబ్లిక్ టీవీకి అందులో ప్రత్యేక విభాగం ఉండాలి, కెమెరా, శబ్దం, ఎడిటింగు చేసినవాళ్ల పేర్లు సర్టిఫికెట్ మీద ఉండాలి. మీ ఇళ్లలో పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లలో 80, 90ల నాటి తెలుగు దూరదర్శన్ కార్యక్రమాలు ఏవైనా రికార్డు చేసి ఉంటే దయచేసి పారేయకండి. బూజు పట్టినా సరే, శుభ్రం చేసి డిజిటల్‌లోకి మార్చేవాళ్లు ఇంకా ఉన్నారు. కార్యక్రమం చివర్లో వచ్చే పేర్లను మాత్రం కత్తిరించకుండా ఉంచండి. ఫ్లోరైడ్ మీద తీసిన సినిమా ఏదైనా కనిపిస్తే, అందులో అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఉంటే, నాకు ఒక్క మెసేజ్ పెట్టండి.