పెరటి మామిడి: రకం ఏదైనా, చెట్టు మాత్రం చేతికందాలి

ప్రశ్న: సార్, మా ఇంటి వెనక 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పున ఖాళీ ఉంది. ఎనిమిదేళ్ల కిందట బంగినపల్లి పండు తిని ఒక మూలన పాతిన టెంక ఇప్పుడు పెద్ద చెట్టయింది, ఇంతవరకు ఒక్క పూత లేదు. పోయిన వానల్లో మల్లిక, బంగినపల్లి అంట్లు తెచ్చి ఆరడుగుల దూరంలో నాటాను. బంగినపల్లి అప్పుడే పూసింది, ఉంచాలా తుంచాలా? ఇంట్లో వాళ్లు నాలుగైదు రకాలు కావాలంటున్నారు. ఏ రకాలు వెయ్యాలి, ఎలా పెంచాలి? టెంక చెట్టు కొట్టేయమంటారా?

జవాబు: కొట్టేయకండి. మీ పెరట్లో అన్నిటికన్నా విలువైనది ఆ చెట్టే, ఎలాగో కింద చెబుతాను.

ముందు అది ఎందుకు పూయలేదో చూద్దాం. టెంక నుంచి వచ్చిన మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ల నుంచి పదేళ్ల దాకా పడుతుంది, కాబట్టి ఎనిమిదేళ్లకు పూయకపోవడంలో వింత లేదు. పైగా బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు. ఈ రకంలో ఒక టెంకకు ఒకే మొలక వస్తుంది, ఆ మొలక తల్లి చెట్టు పూవుకూ ఎక్కడి నుంచో వచ్చిన పుప్పొడికీ పుట్టిన బిడ్డ, దాని కాయ తియ్యగా ఉంటుందో పుల్లగా, పీచుగా ఉంటుందో కాసేదాకా ఎవరికీ తెలియదు. ఒక టెంకకు మూడు నాలుగు మొలకలు వచ్చే రకాలు కొన్ని ఉన్నాయి, వాటిలో చాలా మొలకలు తల్లి లాగే కాస్తాయి. మనం ఇష్టంగా తినే రకాల్లో ఎక్కువ భాగం మాత్రం ఒంటి మొలకవే. అందుకే అంటు కట్టడం.

ఇక రకాల సంగతి. అందరూ పండు రుచి చూసి రకం ఎంచుకుంటారు, తోట వేసేవాళ్లకు అది సరిపోతుంది. పెరట్లో వేసేటప్పుడు మాత్రం ముందు చెట్టు స్వభావం చూడాలి: ఎంత ఎదుగుతుంది, ఏటా కాస్తుందా లేక ఏడాది విడిచి ఏడాదా, కత్తిరింపుకు తట్టుకుంటుందా. ముప్పై అడుగుల ఎత్తున కొన కొమ్మల్లో కాసే మంచి పండు మీకంటే ముందు పక్షులకు, ఉడతలకు, పండు ఈగకు దక్కుతుంది. మందు కొట్టలేరు, కవరు తొడగలేరు, కోయడానికి ఎవరో ఒకరు ప్రాణాలకు తెగించి ఎక్కాలి. చెట్టు పది పన్నెండు అడుగులు దాటకుండా ఉంటే ఇంట్లో వాళ్లే అన్నీ చూసుకోవచ్చు.

ఈ లెక్కన నన్నడిగితే పెరటికి మొదటి రకం ఆమ్రపాలి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు దసేరి, నీలం రకాలను కలిపి తయారు చేసి విడుదల చేశారు. చెట్టు పొట్టి, ఏటా కాస్తుంది, ఎనిమిది అడుగులకొకటి పెట్టినా పెరుగుతుంది. కాయ చిన్నదే గానీ లోపల కండ ముదురు నారింజ రంగులో చాలా తియ్యగా ఉంటుంది. పొట్టి రకం కదా అని కత్తిరించకుండా వదిలేస్తే కొన్నేళ్లకు అదీ ఒత్తుగా అల్లుకుపోతుంది, అది గుర్తుంచుకోండి. పూత గుత్తి కాలీఫ్లవర్‌లా ముద్దగా మారే ఆకృతి లోపం కూడా దీనికి కాస్త ఎక్కువ. అలాంటి గుత్తి కనిపిస్తే వెనక జానెడు కొమ్మతో సహా కోసి కాల్చేయండి.

మీ దగ్గరున్న మల్లిక మంచి ఎంపిక. అవే రెండు రకాలను తల్లిదండ్రులు తారుమారు చేసి కలిపితే వచ్చిన పండు అది. కాయ పెద్దది, టెంక పల్చన, చెట్టు మరీ ఎగబాకదు. ఒక్కటే, చెట్టు మీద మాగనివ్వకుండా బాగా ముదిరాక పచ్చిగానే కోసి ఇంట్లో మాగబెడితేనే దాని అసలు రుచి. కొందరు ఈ సంగతి తెలియక మల్లిక బాగోలేదని చెట్టే మార్చేస్తుంటారు. నీలం ఆలస్యంగా వస్తుంది, ఏటా కాస్తుంది, దానికి టెంక పురుగు బెడద ఉంది. అల్ఫాన్సో పేరున్న పండే కానీ పైకి బ్రహ్మాండంగా కనిపిస్తూ లోపల టెంక దగ్గర కండ తెల్లబారి పుల్లగా ఉండే లోపం దానిలో ఎక్కువ, పైగా ఏటా నమ్మకంగా కాయదు. దసేరి, లంగ్రా కూడా ఏడాది విడిచి ఏడాది రకాలే, అదీగాక ఇవి సొంత పుప్పొడితో కాయ పట్టడం కష్టం, పక్కన వేరే రకం పూయాలి. బంగినపల్లి మీ ఇంట్లో అందరికీ ఇష్టమైతే ఉంచుకోండి, తప్పేం లేదు, కాకపోతే అది విశాలంగా పరుచుకునే చెట్టు కాబట్టి కత్తెర మొదటి ఏడాది నుంచే పట్టాలి.

ఇప్పుడు మీ పెరటి లెక్క. ఆరడుగుల దూరంలో మల్లిక, బంగినపల్లి రెండూ బతకవు. అంటే చావవు గానీ వెలుతురు కోసం రెండూ పోటీపడి పైకి సాగి, కింద కాపు లేకుండా పోతుంది. నాటి ఏడాదే అయింది కాబట్టి వచ్చే వానలు కుదురుకోగానే మల్లికను మట్టి గడ్డ చెదరకుండా చుట్టూ లోతుగా తవ్వి ఎత్తి, బంగినపల్లికి పదిహేను అడుగుల దూరంలో నాటండి, సాయంత్రం పూట చేయండి. ఇంకో చోట ఒక ఆమ్రపాలి పెట్టండి. అంతే, కొత్తగా ఇంకేమీ వద్దు. ఇంటి గోడకు, సెప్టిక్ ట్యాంకుకు పది పన్నెండు అడుగుల దూరం ఉండాలి, పైన కరెంటు తీగ ఉండకూడదు.

మరి నాలుగైదు రకాలు ఎలా? అక్కడే మీ టెంక చెట్టు పనికొస్తుంది. దాని వేళ్లు ఎనిమిదేళ్లుగా నేలలోకి దిగి ఉన్నాయి, పై భాగం మాత్రం మార్చుకోవాలి. దీన్నే పైఅంటు కట్టి రకం మార్చడం అంటారు. పెద్ద కొమ్మలను నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తులో రంపంతో ఏటవాలుగా కోయాలి, అన్నీ ఒకేసారి కోయకుండా ఒకటి రెండు కొమ్మలు ఆకుతో సహా ఉంచాలి, లేకపోతే చెట్టుకు తిండి అందక ఎండిపోవచ్చు. కోసిన చోట బోర్డో పేస్టు పుయ్యండి. వంద గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, వంద గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి కలిపితే చాలు. ఇనుప పాత్ర వాడొద్దు. నీడ పోయి బెరడుకు నేరుగా ఎండ తగులుతుంది కాబట్టి మొదలుకు, మోడు కొమ్మలకు సున్నం కొట్టండి, లేకపోతే బెరడు పగిలి అక్కడే కాండం తొలిచే పురుగు గుడ్లు పెడుతుంది. రంధ్రం నుంచి రంపపు పొట్టు రాలుతుంటే పురుగు ఉన్నట్టే, సన్నటి ఇనుప చువ్వ దూర్చి చంపి మట్టితో మూసేయాలి.

కొన్ని వారాల్లో ప్రతి మోడు నుంచీ గుంపుగా చిగుళ్లు వస్తాయి. వాటిలో బయటి వైపుకున్న బలమైనవి రెండు మూడు ఉంచి మిగతావి తుంచేయండి. అవి పెన్సిల్ లావై, ఇంకా రాగి రంగు వదలని దశలో ఉన్నప్పుడు మీకు కావలసిన రకం పుల్ల తెచ్చి అంటు కట్టాలి. ఆ పుల్ల మూడు నాలుగు నెలల వయసున్న కొన కొమ్మై ఉండాలి, కోసే వారం పది రోజుల ముందే చెట్టు మీదే దాని ఆకులు కోసేసి తొడిమలు మాత్రం ఉంచితే కొన మొగ్గ ఉబ్బి సిద్ధంగా ఉంటుంది. చిగురు తల కోసి మధ్యకు చీల్చి, పుల్ల అడుగును రెండు వైపులా ఏటవాలుగా చెక్కి అందులో దించి, ప్లాస్టిక్ టేపుతో గట్టిగా చుట్టి, పైన సన్నటి పాలిథిన్ కవరు తొడగాలి. గాలిలో తేమ ఉన్న రోజుల్లో చేస్తే బాగా అతుకుతుంది. మీకు చేయి తిరగకపోతే నర్సరీలో అంట్లు కట్టే మనిషిని ఒక పూట పిలిపించుకోండి, అది వృథా ఖర్చు కాదు. ఒక్కో పెద్ద కొమ్మకు ఒక్కో రకం కట్టించండి, రెండు మూడేళ్లలో కాపు మొదలవుతుంది, ఒకే చెట్టు మీద రకాలు కలిసి పూయడం వల్ల పుప్పొడి కొరత కూడా తీరుతుంది. పొట్టి రకాన్ని ఎండ బాగా తగిలే వైపు కట్టించండి, లేకపోతే జోరుగా పెరిగే రకం దాన్ని కమ్మేస్తుంది. పాత చెట్టు నుంచి వచ్చే చిగుళ్లు మాత్రం ఎప్పటికప్పుడు తీసేయాలి, ఈ పని మరిచిపోతే కష్టమంతా పోయినట్టే.

బంగినపల్లి పూత గురించి అడిగారు. తుంచేయండి. అంటు పుల్ల కాపుకొచ్చిన చెట్టుది కాబట్టి అది చిన్నప్పుడే పూస్తుంది, కాయ మొయ్యడానికి మాత్రం వేళ్లకు, కొమ్మలకు బలం లేదు. మూడేళ్ల దాకా వచ్చిన గుత్తి వచ్చినట్టు గిల్లేసి, నాలుగో ఏట కొన్ని కాయలు ఉంచండి. బాధగానే ఉంటుంది, తెలుసు. ఇప్పుడు ఉంచుకున్న నాలుగు కాయలకు రెండేళ్ల ఎదుగుదల పోతుంది. అలాగే అంటు కట్టిన ముడి కింద నుంచి ఏమైనా కొమ్మలు వచ్చాయేమో ఒకసారి వంగి చూడండి. ముడి కింద నుంచి వచ్చేది నాటు మొక్క, అది పెరిగితే పైన కట్టిన రకం చచ్చిపోతుంది, మీరు ఏళ్ల తరబడి నాటు చెట్టునే పెంచుతుంటారు. ముడికి చుట్టిన ప్లాస్టిక్ టేపు ఇంకా ఉంటే బ్లేడుతో కోసి తీసేయండి. ముడి ఎప్పుడూ మట్టికి అర అడుగు పైన ఉండాలి.

కొత్త ఆమ్రపాలికి మూడడుగుల గొయ్యి తీసి, పై మట్టిలో మాగిన పశువుల ఎరువు యాభై కిలోల దాకా, సూపర్ ఫాస్ఫేట్ రెండు కిలోలు, చెదలు ఉంటే కిలో రెండు కిలోల వేపపిండి కలిపి నింపండి. నీళ్లు నిలిచే చోటు మాత్రం వద్దు.

కొమ్మలను తీర్చే పని మొదటి రెండు మూడేళ్లలోనే జరగాలి. మొక్క మీటరు ఎత్తుకు రాగానే రెండడుగులు, రెండుంపావు అడుగుల దగ్గర తల తుంచండి. వచ్చిన చిగుళ్లలో నాలుగు దిక్కులకూ పోయేవి మూడు నాలుగు ఉంచండి, అవి అడుగున్నర పెరిగాక వాటి తలలూ తుంచండి. గొడుగు తిరగేసినట్టు మధ్య తెరుచుకుని ఉండాలి చెట్టు. కాపు మొదలయ్యాక ఏటా కాయ కోసిన మూడు నాలుగు వారాల్లోపే కత్తిరింపు పూర్తిచేయాలి. మామిడి పూత ముదిరిన కొమ్మ కొనన వస్తుంది, కత్తిరించాక వచ్చిన చిగురు ముదరడానికి నెలలు పడుతుంది, మీరు ఆలస్యం చేస్తే ఆ చిగురు పూత కాలానికి లేతగానే ఉండి ఆ ఏడాది ఆకులే మిగులుతాయి. పెద్ద చెట్టును ఒక్క ఏడాదిలో సగానికి నరికినా ఇదే గతి, రెండేళ్ల కాపు పోతుంది.

నీళ్ల దగ్గర కూడా పెరటి చెట్లకు ఎక్కువ నష్టం జరుగుతుంటుంది, రోజూ బట్టలుతికిన నీళ్లో గిన్నెల నీళ్లో పారుతూనే ఉంటాయి కాబట్టి. చిన్న మొక్కకు ఎండల్లో రెండు మూడు రోజులకొకసారి తప్పనిసరి. కాపుకొచ్చిన చెట్టుకు మాత్రం పూతకు ముందు రెండు మూడు నెలలు నీళ్లు, నత్రజని ఎరువు రెండూ ఆపేయాలి. చల్లటి రాత్రులు, ఆరిన నేల కలిస్తేనే కొన మొగ్గ పూతకు తిరుగుతుంది, తడి ఉంటే చిగురు వేస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ తడులు మొదలుపెట్టండి. సబ్బు నీళ్లు అసలు పాదులోకి వదలొద్దు, ఆకు కొనలు మాడిపోతాయి.

ఎరువు సంగతికొస్తే, తోటలకైతే వయసు ఒక్కో ఏడాదికి వంద గ్రాముల చొప్పున నత్రజని, భాస్వరం, పొటాష్ పెంచుతూ పదో ఏటికి కిలో కిలో చేస్తారు. మీరు చిన్నగా కత్తిరించి ఉంచే చెట్టుకు అందులో సగం, దానికి తోడు పశువుల ఎరువు చాలు, కత్తిరింపు కాగానే కొమ్మల అంచు కింద వేయండి, చెట్టు మొదలు దగ్గర కాదు. ఆకులు చిన్నవై, గుబురుగా వస్తుంటే జింకు లోపం. లీటరుకు 5 గ్రాముల జింక్ సల్ఫేట్ లేత చిగురు మీద కొట్టండి.

తేనెమంచు పురుగు పూత మొగ్గలో ఉండగానే వస్తుంది, ఆకులు జిగటగా మారి ఆపైన మసి పడుతుంది. కొమ్మల మధ్య గాలి, ఎండ ఆడుతుంటే దీని బాధ సగం తగ్గుతుంది. మొగ్గ దశలో లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె కొట్టండి. పూత మీద తెల్లటి బూడిద కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కొట్టండి. పూలు విచ్చుకున్నాక ఏ పురుగు మందూ వద్దు, మామిడికి కాయ పట్టించేది ఈగలు, తేనెటీగలే. పిందె రాలుతుంటే మాత్రం టెన్షన్ పడకండి, గుత్తికి వందల పూలు పూసినా ఒకటో రెండో కాయలు నిలబడటం మామిడికి మామూలే.

కాయ ముదిరే వేళకు పండు ఈగ వస్తుంది. దీనికి మందు కంటే కాయకు కాగితం సంచి తొడగడం మేలు, చెట్టు చేతికందేలా ఉండాలని పట్టుబట్టింది ఇందుకే. రాలిన కాయలు ఆ రోజే ఏరి లోతుగా పూడ్చేయండి, మగ పండు ఈగలను వాసనతో లాగే మిథైల్ యూజినాల్ ఎర ఒకటి కట్టండి. కోత సంగతికొస్తే, తొడిమ చుట్టూ భుజాలు ఉబ్బి తొడిమ గుంటలోకి దిగినట్టు కనిపించాలి. అనుమానంగా ఉంటే ఒక కాయ కోసి చూడండి, టెంక పక్క కండ పసుపు తిరిగితే మిగతావీ కోయొచ్చు. బెత్తెడు తొడిమతో కోసి, తర్వాత తొడిమ తుంచి తలకిందులుగా పెట్టి సొన కారిపోనివ్వండి. సొన కాయ మీద పడితే నల్ల మచ్చలు, మీ చర్మం మీద పడితే పుండ్లు. వెంటనే సబ్బుతో కడుక్కోండి, పిల్లల్ని ఆ సమయంలో చెట్టు కింద ఉండనివ్వకండి.