అసాసిన్స్ క్రీడ్‌లో ఏం మార్చినా ఫర్వాలేదు, ఆ ఒక్క కత్తిపోటు తప్ప

అసాసిన్స్ క్రీడ్ అనే వీడియో గేమ్ సిరీస్ మళ్ళీ చాటుగా వెళ్ళి ఒక్క పోటుతో చంపే పాత పద్ధతికి వెళ్ళాలా, లేక 2017లో ఆరిజిన్స్ అనే గేమ్‌తో మొదలైన ఆర్‌పీజీ (మన పాత్ర లెవెల్, బలం పెంచుకుంటూ పోయే ఆట) దారిలోనే సాగాలా అని అడిగారు. ఇంజనీరింగ్ రోజుల్లో హాస్టల్‌లో ఒక ఫ్రెండ్ కంప్యూటర్ మీద మొదటి గేమ్ ఆడాను. ఆ తర్వాత వచ్చిన పెద్ద గేమ్‌లు ఏవీ వదల్లేదు. మార్పు అంటే నాకు ఏ పేచీ లేదు. నా బాధంతా ఒకే ఒక్క మార్పు గురించి.

పాత ఫార్ములా బోర్ కొట్టింది కాబట్టే మార్చాల్సి వచ్చిందని చాలామంది అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. 2009 నుంచి 2015 దాకా ఏటా ఒక పెద్ద గేమ్ వదిలారు. 2014లో అయితే యూనిటీ, రోగ్ రెండూ వచ్చాయి. ఊపిరి తీసుకోనివ్వకపోతే ఏ ఆటైనా మొహం మొత్తుతుంది. అదే వరసలో 2013లో వచ్చిన బ్లాక్ ఫ్లాగ్‌ని చూడండి. మనల్ని ఓడ ఎక్కించి కరీబియన్ సముద్రంలో వదిలేశారు. తెరచాప ఎత్తగానే నావికులు పాట అందుకునేవాళ్ళు. ఆట సగానికి సగం మారిపోయింది, అయినా పాత అభిమానులు ఇప్పటికీ దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. కాబట్టి జనం మార్పును ఒప్పుకోరన్న మాట ఈ సిరీస్ విషయంలో నిలబడదు.

మరి అసలు ఈ ఆట కోసం ఎందుకు వస్తాం? నాకైతే చంపడానికి ముందు గడిచే ఆ అరగంట కోసం. మొదటి గేమ్‌లో అక్ర నగరంలోని ఆస్పత్రిలో గార్నియర్ అనే వైద్యుణ్ణి చంపాలి. లోపల మతి చలించిన రోగులు తిరుగుతుంటారు, దగ్గరికి వెళ్తే తోసేస్తారు. తూలి పడితే కాపలావాళ్ళ కళ్ళు మన మీద పడతాయి. ఏ వరస మంచాల పక్కనుంచి వెళ్ళాలి, అతను ఎప్పుడు వెనక్కి తిరుగుతాడు అని చూసుకుంటూ నడవాలి. టెన్షన్‌తో చేతులకు చెమటలు పట్టేవి. చివర్లో ఒక్క పోటు, అంతే.

ఆ పద్ధతిని బాగా ముందుకు తీసుకెళ్ళింది నా దృష్టిలో యూనిటీ. విడుదలైనప్పుడు దాని నిండా బగ్గులే, మొహాలు మాయమైన పాత్రల ఫొటోలు నెట్ అంతా తిరిగాయి. తిట్లు తినాల్సిందే, తిన్నది. కానీ పారిస్‌లోని నోత్ర్‌దామ్ చర్చిలో సివెర్ అనే శత్రువుని చంపే మిషన్ ఒక్కసారి ఆడి చూడండి. అతను ఒక మనిషిని రహస్యంగా కలవడానికి వస్తున్నాడని ముందే మనకు తెలుస్తుంది. ఆ మనిషిని అడ్డు తొలగించి, పాపాలు ఒప్పుకునే గదిలో అతని చోట మనం కూర్చోవచ్చు. సివెర్ తనంతట తాను వచ్చి పక్క అరలో కూర్చుంటాడు. మధ్యలో ఉన్నది ఒక చెక్క జాలీ. ఇంకో దారిలో వెళ్ళాలనుకుంటే అదీ ఉంది. దారి మనది, దెబ్బ మాత్రం ఖాయం.

ఆరిజిన్స్ తెగ్గొట్టింది సరిగ్గా ఈ ముడినే. ప్రాచీన ఈజిప్టు అద్భుతంగా ఉంది, దాని హీరో బాయెక్ ఈ సిరీస్‌లోని గొప్ప పాత్రల్లో ఒకడు. అందులో అనుమానం లేదు. కానీ ఎంతో ఓపికగా శత్రు శిబిరంలోకి దూరి, గడ్డిలో పాకి, సేనాని వెనక్కి చేరి కత్తి దింపితే ఏమవుతుంది? వాడి లెవెల్ మనకంటే బాగా ఎక్కువైతే దెబ్బ ఎంత తగిలిందో చెప్పే ఒక అంకె నెత్తి మీద ఎగురుతుంది, ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత కొంచెం తగ్గుతుంది, వాడు తిరిగి మన మీదికి వస్తాడు. మెడలో కత్తి దిగిన మనిషి! నా తెలివికి, ఓపికకి విలువ లేదనీ, పోయి నాలుగు పక్క మిషన్లు చేసి లెవెల్ పెంచుకు రమ్మనీ ఆటే చెబుతున్నట్టు అనిపించింది. తర్వాత వచ్చిన ఒడిస్సీ కూడా ఇదే బాట పట్టింది.

మా తమ్ముడు మాత్రం ఈ మాట వింటే ఊరుకోడు. వాడు ఒడిస్సీతోనే మొదలుపెట్టాడు. అందులోని హీరోయిన్ కసాండ్రాతో గ్రీసు దీవులన్నీ తిరిగాడు, సంభాషణల్లో తనకు నచ్చిన జవాబులు ఎంచుకున్నాడు, అదే అసలైన అసాసిన్స్ క్రీడ్ అంటాడు. వాడి ఆనందాన్ని కాదనలేను. వాడిలాంటి వాళ్ళు ఎంతోమంది ఆర్‌పీజీ వల్లే ఈ సిరీస్‌లోకి వచ్చారు. అందుకే అన్నీ తుడిచేసి 2007కి వెళ్ళిపోదాం అనే వాదన నాకు రుచించదు. 2023లో మిరాజ్ దాదాపు అలాగే చేసింది. బాగ్దాద్ నగరం, చిన్న కథ, ఒక్క పోటుకే ప్రాణం. నాకు హాయిగా అనిపించింది, తమ్ముడు మధ్యలోనే పక్కన పెట్టేశాడు.

నేను కోరేది ఇంతే. దేశం మార్చండి, ఓడలు పెట్టండి, లెవెల్స్ పెట్టండి, ఎదురెదురుగా పోరాడేటప్పుడు ఆ అంకెల లెక్క ఎంతైనా నడపండి. ఎవరి కంటా పడకుండా వెనక్కి చేరినవాడి కత్తికి మాత్రం ఆ లెక్క వర్తించకూడదు. ఇది కుదరని పనేం కాదు. 2020లో వచ్చిన వల్హల్లాలోనే సెట్టింగ్స్‌లో ఆ వీలు ఇచ్చారు. 2025 నాటి షాడోస్‌లోనూ ఉంది, పైగా అందులో నీడలో నక్కడం, నేల మీద బోర్లా పాకడం, దీపాలు ఆర్పేయడం లాంటివి చేర్చారు. అందులోని హీరోయిన్ నావోయేతో ఆడుతుంటే ఆ అక్ర ఆస్పత్రి నాటి టెన్షన్ మళ్ళీ వచ్చింది. నా ఫిర్యాదల్లా అది మనం వెతికి ఆన్ చేసుకోవాల్సి రావడమే, మొదటి నుంచీ అదే నియమంగా ఉండాల్సింది.

మీరు ఇప్పుడే మొదలుపెడుతుంటే షాడోస్ తీసుకోండి, ఆట మొదలవగానే సెట్టింగ్స్‌కి వెళ్ళి హత్య ప్రయత్నం తప్పకుండా ఫలించే ఆప్షన్ ఆన్ చేయండి. పాత రుచి ఎలా ఉండేదో చూడాలనుకుంటే యూనిటీ. దాని బగ్గులు చాలావరకు సర్దుకున్నాయి.