మోకాలిని కాపాడేది తొడ

అమ్మాయీ,

మోకాళ్ల నొప్పులతో మిద్దె మెట్లు ఎక్కడమే మానేశావని మీ అమ్మ చెప్పింది. విన్నప్పటి నుంచి నాకు దిగులుగా ఉంది. 52 ఏళ్లప్పుడు నేనూ ఇట్లే చేశాను. గుజ్జు అరిగిందని భయపడి ఏడాది పాటు మంచం, కుర్చీ వదల్లేదు. నొప్పి తగ్గకపోగా తొడలు చిక్కిపోయి, లేవాలంటే చేతి ఊతం కావాల్సి వచ్చింది.

ఆ గుజ్జులో రక్తనాళాలు ఉండవంట. కాలు ముడిచి చాచినప్పుడు, అడుగేసినప్పుడు కీలులోని జిగురు నీరు దాంట్లోకి ఇంకుతుంది. దానికి అదే తిండి. తొడ ముందుభాగం కండ గట్టిగా ఉంటే మోకాలి మీద భారం తగ్గుతుంది.

కుర్చీలో వెనక్కి ఆనుకొని కూర్చో. ఒక కాలు నేరుగా చాచి, తొడ బిగించి, 5 అంకెలు లెక్కపెట్టి మెల్లగా దించు. ఊపిరి బిగబట్టొద్దు. ఒక్కో కాలికి 10 సార్లు, పొద్దున, సాయంత్రం. రెండు వారాలకే విసుగొచ్చి వదిలేయకు తల్లీ, నాకు మెట్లు తేలికవడానికి మూడు నెలలు పట్టింది.

ఎండ ఎక్కకముందే కేసీ కెనాల్ గట్టున 10 నిమిషాలు నడువు. నడిచాక కాస్త నొప్పి వచ్చి సర్దుకుంటే టెన్షన్ పడొద్దు. మర్నాటికీ తగ్గకపోతే నడక తగ్గించు, మానొద్దు. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. గొంతుక్కూర్చొని చెనక్కాయలు ఒలిచేది మాత్రం ఆపు, స్టూలేసుకో. ఒంటి బరువు కిలో తగ్గితే అడుగడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గుతుంది.

మీ అత్తగారి ఊళ్లో ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారా? మా అనంతపురం పల్లెల్లో ఫ్లోరైడ్‌తో కీళ్లు బిగుసుకుపోయినవాళ్లను కళ్లారా చూశాను. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. కాచినా ఫ్లోరైడ్ పోదు. పరీక్ష చేయించు.

మోకాలు వాచి, వేడిగా ఎర్రబడితే, జ్వరం వస్తే మాత్రం ఇవేవీ చేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పో.

ఈ రాత్రి టీవీ ముందే మొదలుపెట్టు. ఆదివారం ఫోన్ చేస్తాను, ఏ కాలు ఎన్నిసార్లు చాచావో చెప్పాలి.

మీ పెద్దమ్మ