17 మీటర్ల లోతులోనే ఉన్న అటోచా ఓడ దొరకడానికి 363 ఏళ్ళు ఎందుకు పట్టింది?

మీరు అడిగింది ఏంటంటే, 1622లో ఫ్లోరిడా దగ్గర మునిగిన స్పానిష్ ఓడ అటోచా అంత తక్కువ లోతులో ఉండి కూడా 1985 దాకా ఎందుకు దొరకలేదు, ఇప్పుడున్న మెషీన్లు అప్పట్లో లేకపోవడం వల్లేనా, ఇంకా ఏమైనా మిగిలి ఉందా అని. మెషీన్లది చిన్న పాత్రేనండి. వెతికినవాళ్ళు చాలా ఏళ్ళు తప్పు చోట వెతికారు, సరైన చోటు చెప్పింది స్పెయిన్‌లో మూలనపడి ఉన్న పాత కాగితాలు. నేను ఫ్లోరిడాలో ఉంటాను, కీస్ దీవుల దగ్గర డైవింగ్ చేస్తుంటాను, కీ వెస్ట్‌లో ఈ ఓడ సామాను పెట్టిన మ్యూజియంకి ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్తుంటాను, అందుకని నాకు తెలిసినంత రాస్తున్నా.

ముందు మునగడం గురించి. పూర్తి పేరు న్యూస్ట్రా సెన్యోరా డి అటోచా. 28 ఓడల దండు 1622 సెప్టెంబర్ 4న హవానా నుంచి స్పెయిన్‌కి బయల్దేరింది, మామూలుగా బయల్దేరాల్సిన టైమ్ కంటే బాగా లేటుగా, అంటే నడి తుఫాన్ల సీజన్లో. ఆగుదామంటే అక్కడ రాజుగారికి యుద్ధం ఖర్చులు, అప్పులవాళ్ళు, ఈ వెండి వస్తే గానీ గడవని పరిస్థితి. దండుకి వెనక కాపలా ఓడ అటోచా, దానికి 20 కంచు ఫిరంగులు, ఫిరంగులున్న ఓడ భద్రమని డబ్బున్న ప్రయాణికులు కూడా దాన్నే ఎక్కారు. లోపల 900కి పైగా వెండి కడ్డీలు, లక్షకి పైగా వెండి నాణేలు, బంగారం, రాగి, నీలిమందు, పొగాకు. ఆ వెండిలో చాలా భాగం ఇప్పటి బొలీవియాలో ఉన్న పోటోసీ కొండది, అక్కడి ఊళ్ళవాళ్ళని వంతులేసి బలవంతంగా గనుల్లోకి దింపి తీయించిన వెండి (ఇలాంటి స్పానిష్ వెండి నాణేలు డచ్ వర్తకుల చేతుల్లో మన మచిలీపట్నం దాకా వచ్చాయి, అక్కడి అద్దకం బట్టలు వాటితో కూడా కొన్నారు). బయల్దేరిన మర్నాడే తుఫాను పట్టుకుంది, సెప్టెంబర్ 6న అటోచా పగడపు దిబ్బకి కొట్టుకుని మునిగిపోయింది. ఉన్నది 265 మంది, బతికింది అయిదుగురు, ముగ్గురు నావికులు ఇద్దరు బానిసలు, నీళ్ళపైకి తేలి ఉన్న తెరచాప స్తంభం పట్టుకుని.

ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఉంది. అటోచా ఎక్కడ మునిగిందో అప్పుడు స్పెయిన్‌వాళ్ళకి తెలుసు! గాస్పర్ డి వర్గాస్ అనే ఆయన్ని పంపిస్తే వెళ్ళి ఓడని చూశాడు కూడా, స్తంభం పైకి కనబడుతోంది, ఓడ మొత్తం అలాగే ఉంది, కానీ లోపలికి వెళ్ళే మూతలన్నీ బిగించేసి ఉన్నాయి, ఊపిరి బిగబట్టి దిగే మనుషులు ఆ లోతులో వాటిని బద్దలుకొట్టలేకపోయారు. సరే సామాను తెచ్చుకుని మళ్ళీ వద్దాం అనుకునేలోపు అక్టోబర్ 5న ఇంకో తుఫాను వచ్చి ఓడని ముక్కలు చేసేసింది, పైభాగం ఎటో కొట్టుకుపోయింది, అడుగుభాగం వెండి బరువుతో ఉన్నచోటే ఉండి ఇసకలో కప్పబడిపోయింది. తర్వాత ఎంత వెతికినా దొరకలేదు.

దాని తోటి ఓడ శాంటా మార్గరిటా మాత్రం 1626లో దొరికింది. ఫ్రాన్సిస్కో న్యూన్యెజ్ మెలియాన్ అనే ఆయన కంచుతో గంట ఆకారంలో ఒకటి పోయించాడు, దాన్ని బోర్లించి నీళ్ళలోకి దింపితే లోపల గాలి నిలుస్తుంది, డైవర్ అందులో తల దూర్చి ఊపిరి పీల్చుకుంటూ చుట్టూ చూడొచ్చు. మొదట కనిపెట్టినవాడికి, బానిస అయితే, స్వేచ్ఛ ఇస్తానన్నాడు. హువాన్ బన్యోన్ అనే బానిస డైవర్ మొదటి వెండి కడ్డీ పైకి తెచ్చి స్వేచ్ఛ సంపాదించుకున్నాడు. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి అతనే, మ్యూజియంకి వచ్చినవాళ్ళు బంగారం ముందు నిలబడిపోతారు, నేను మాత్రం వాళ్ళకి అతని కథే ముందు చెప్తాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తే, 1960ల చివర్లో మెల్ ఫిషర్ అనే అమెరికా నిధివేటగాడు వెతకడం మొదలెట్టినప్పుడు అందరి దగ్గరా ఉన్న ఆధారం ఒక్కటే, ఓడ మాటెకుంబే దగ్గర మునిగింది అని. ఇప్పుడు మాటెకుంబే అంటే కీస్ మధ్యలో ఉన్న దీవి, సో అందరూ అక్కడే జల్లెడ పట్టారు. అదే టైమ్‌లో యూజీన్ లియోన్ అనే చరిత్రకారుడు, ఫిషర్‌కి చర్చి పరిచయం, స్పెయిన్‌లోని సెవిల్‌లో ఇండీస్ ఆర్కైవ్‌లో (స్పెయిన్ వలస రాజ్యాల పాత రికార్డులు దాచే చోటు) వేరే రీసెర్చ్ చేస్తూ మెలియాన్ ఇచ్చిన లెక్కల కాగితాలు చదివాడు, అందులో ఓడ మునిగింది కాయోస్ డెల్ మార్కెస్ దగ్గర అని ఉంది. అంటే కీ వెస్ట్‌కి పడమరగా ఉన్న మార్కేసస్ దీవులు, జనం వెతుకుతున్న చోటికి దాదాపు 100 మైళ్ళ దూరం. 1622లో మాటెకుంబే అనే పేరుని ఆ దీవులన్నిటికీ కలిపి వాడేవాళ్ళట.

ఆ కాగితాలు చదవడం ఎంత కష్టమో ఊరికే చెప్తే అర్థం కాదు. స్పెయిన్ ఆర్కైవ్‌ల స్కాన్లు ఆన్‌లైన్‌లో కొన్ని ఉన్నాయి, ఓపెన్ చేసి చూడండి, మన తాతల కాలం కరణాల గొలుసుకట్టు రాతలో ఉన్న దస్తావేజుల్లాగే ఉంటాయి, పదానికి పదానికి మధ్య సందు ఉండదు, కామా ఫుల్‌స్టాప్ ఉండదు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రాసినవాడికే తెలియాలి. అలాంటివి కట్టలు కట్టలు తిరగేసి ఒక చోటు పేరు పట్టుకోవడం అంటే డైవింగ్ కంటే పెద్ద పని అని నేను గట్టిగా నమ్ముతాను, ఫిషర్‌కి వచ్చిన పేరులో పావు వంతు కూడా లియోన్‌కి రాలేదు, అది నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

చోటు తెలిసినా ఇంకో 15 ఏళ్ళు ఎందుకు పట్టిందంటే ఇసక. కీస్‌లో దిబ్బ దాటి కొంచెం అవతలికి దిగితే కింద ఊరికే తెల్లగా చదునుగా కనబడుతుంది, కరెంట్ వస్తే ఇసక లేచి చేయి చాపితే చేయి కనబడదు, మళ్ళీ ఇంకో రోజు అదే చోటుకి వెళ్తే నేల ఆకారమే వేరేగా ఉంటుంది. ఫిషర్ వాళ్ళు పడవ ప్రొపెల్లర్ వెనక పెద్ద మోచేతి పైపులు బిగించి నీటి జోరుని కిందికి తిప్పేవాళ్ళు, దాన్ని మెయిల్‌బాక్స్ అనేవాళ్ళు, పైన ఉన్న తేట నీటిని కిందికి పంపి బాగా కనబడేలా చేద్దామని పెడితే అది నేలలో గొయ్యి తవ్వేస్తోందని తెలిసింది. అలా గొయ్యి తర్వాత గొయ్యి. 1973లో మూడు వెండి కడ్డీలు దొరికాయి, వాటి మీది నంబర్లు సెవిల్‌లోని సరుకు జాబితాతో సరిపోయాయి, అంటే ఇది అటోచానే అని కాగితమే మళ్ళీ సాక్ష్యం చెప్పింది. 1975 జులైలో ఫిషర్ కొడుకు డర్క్‌కి కంచు ఫిరంగులు దొరికాయి, వారం తిరక్కుండానే రాత్రిపూట పడవ తిరగబడి డర్క్, అతని భార్య, ఇంకో డైవర్ చనిపోయారు. సరిగ్గా పదేళ్ళకి, 1985 జులై 20న, ఇంకో కొడుకు కేన్ పడవవాళ్ళకి వెండి కడ్డీల గుట్ట దొరికింది. చెల్లాచెదురైన సామాను జాడ మైళ్ళ పొడవునా పరుచుకుని ఉంది, అందుకే ఫిరంగులు దొరికాక కూడా అసలు గుట్టకి పదేళ్ళు పట్టింది.

ఇంకొకటి చెప్పాలి. అటోచా కోసం వెతుకుతుండగా 1972లో వాళ్ళకి వేరే ఓడ తగిలింది, హెన్రియెట్టా మేరీ, 1700లో జమైకాలో బానిసల్ని అమ్మేసి ఇంగ్లాండ్ తిరిగి వెళ్తూ మునిగిన ఓడ. ఇనుప సంకెళ్ళు బయటపడ్డాయి, పిల్లల చేతులకి సరిపోయే సైజువి కూడా ఉన్నాయి. కీ వెస్ట్ వెళ్తే బంగారం చూసి బయటికి వచ్చేయకండి, దీని గురించి కూడా అడిగి చూడండి.

చట్టం సంగతి క్లుప్తంగా: ఫ్లోరిడా ప్రభుత్వం వాటా కావాలంది, కేసు 1982లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, చివరికి ఫిషర్‌దే పైచేయి అయ్యింది. తర్వాత రోజులు మారాయి, 1988లో వచ్చిన అమెరికా చట్టంతో రాష్ట్ర జలాల్లో వదిలేసిన ఓడలు రాష్ట్రానివే. 1804లో మునిగిన మెర్సెడెస్ ఓడ నాణేలు ఒక అమెరికా కంపెనీ 2007లో తీసుకొస్తే, దాదాపు 17 టన్నులు, కోర్టు అది స్పెయిన్ యుద్ధనౌక అని తేల్చి 2012లో మొత్తం వెనక్కి పంపించేసింది. నాకైతే ఇదే కరెక్ట్ అనిపిస్తుంది, ఎందుకంటే అటోచా సామాను చాలా వరకు ఇన్వెస్టర్లకి పంచేశారు, 1988లో న్యూయార్క్‌లో వేలం కూడా వేశారు, ఇప్పుడు ఎవరి లాకర్లలో ఏముందో ఒకచోట పెట్టి చదువుకునే వీలే లేదు.

మిగిలి ఉందా అంటే ఉంది. ఓడ వెనక భాగం, డబ్బున్న ప్రయాణికులూ అధికారులూ ఉండే గదులున్న చోటు, ఇప్పటికీ దొరకలేదు. జాబితాలో లేకుండా దొంగతనంగా ఎక్కించిన కొలంబియా పచ్చలు కొన్ని ఇప్పటికే ఇసకలోంచి బయటపడ్డాయి, మిగతావి ఆ వెనక భాగంతో పాటే పోయి ఉంటాయని వెతికేవాళ్ళ నమ్మకం. ఫిషర్ పెట్టిన కంపెనీ పడవలు ఇంకా ఆ జాడ వెంటే తవ్వుతున్నాయి.