నిమ్ఫ్ వేటకు రాడ్ కొనబోతున్న మేనల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవి వంశీకి,

మావయ్య ఆశీస్సులు. మార్చిలో హిమాచల్‌లోని తీర్థన్ లోయకు ట్రౌట్ చేపల వేటకు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. గాలం వేయడానికి ఏ రాడ్ కొనాలని అడిగావు కదా, ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

రుషికొండ దగ్గర నువ్వు నేర్చుకున్న లెక్క ఇక్కడ పనికిరాదు. సముద్రంలో మనకు కావాల్సింది దూరం. సీసం అల దాటి పడాలి, అందుకే గట్టి రాడ్ వాడతాం. నిమ్ఫ్ వేటలో, అంటే నీటి పురుగు నకలును ఎరగా వేసే వేటలో, చేప మహా అయితే ముప్ఫై అడుగుల లోపే ఉంటుంది. విసరడం చిన్న పని, లైనును, అంటే గాలం దారాన్ని, పట్టుకోవడమే పెద్ద పని.

ఎందుకో చెబుతాను. మేఫ్లై, స్టోన్‌ఫ్లై లాంటి పురుగులు రెక్కలు రాకముందు ఏటి అడుగున రాళ్ల సందుల్లో బతుకుతాయి. వాటినే నిమ్ఫ్‌లంటారు. ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీటి లోపలే దొరుకుతుంది. మనం కట్టేది ఆ పురుగు నకలు, మునగడానికి టంగ్‌స్టన్ పూస ఉంటుంది. కొండ ఏటిలో పైనీరు జోరుగా పోతుంది, అడుగునీరు రాళ్లకు ఒరుసుకుంటూ నెమ్మదిగా పోతుంది. లైను పైనీటిలో పడిందా, అడుగునున్న ఎరను లాక్కుపోతుంది. అసలు పురుగు అలా పరిగెత్తదు కాబట్టి చేప ముట్టదు. లైనును నీటికి తగలకుండా ఎత్తి పట్టుకోవాలంటే రాడ్ పొడవుండాలి.

అందుకే 10 అడుగుల, 3 నంబరు రాడ్ తీసుకో. ఆ నంబరు రాడ్ బరువు కాదు, దానికి సరిపోయే లైను బరువును చెప్పేది. దుకాణంలో 9 అడుగుల 5 నంబరు అన్నిటికీ పనికొస్తుందంటారు. నీటిపై తేలే ఎరలకు, బెండు కట్టి వేసే నిమ్ఫ్‌కి అది మంచిదే. లైను ఎత్తి పట్టే ఈ పద్ధతికి మాత్రం పొట్టి. 11 అడుగులది ఇప్పుడే వద్దు, కొత్త చేతికి కొన వైపు బరువుగా తూగుతుంది.

కొన మెత్తగా ఉందో లేదో చూడు. లైను చివర ఎరకు కట్టే సన్న దారాన్ని టిప్పెట్ అంటారు, అది 5ఎక్స్ సైజు అయితే 0.15 మిల్లీమీటర్ల మందం, 6ఎక్స్ అయితే ఇంకా సన్నం. చేప ఒక్కసారి గుంజితే ఆ దెబ్బను కొన వంగి తీసుకోవాలి, లేకపోతే దారం పుటుక్కుమంటుంది. అలాగని మొత్తం రాడ్ మెత్తగా ఉన్నా కష్టమే. జోరు నీటిలో చేపను తిప్పాలంటే మొదలు గట్టిగా ఉండాలి.

చాలామంది పట్టించుకోనిది తూకం. రోజంతా చెయ్యి ఎత్తే ఉంచాలి నువ్వు. ముందుకు తూగే రాడ్ అయితే మధ్యాహ్నానికి భుజం పడిపోతుంది, చెయ్యి దిగితే లైనూ నీటిలోకి దిగుతుంది. దుకాణంలో ఉత్త రాడ్ ఊపి చూస్తే ఇది తెలియదు. రీలు (లైను చుట్టే చక్రం) బిగించి, లైను ఎక్కించి, కార్క్ పిడి పైచివర ఒక్క వేలి మీద నిలబెట్టు. కొన కిందికి వాలితే ఇంకాస్త బరువైన రీలు చూడు. రాడ్ తేలిక, రీలూ తేలిక అని మురిసిపోకు. ఖరీదైన రాడ్‌కి తప్పు రీలు పెట్టడం కన్నా మామూలు రాడ్‌కి సరైన రీలు పెట్టడం నయమని నా అభిప్రాయం.

నాలుగు ముక్కలదే కొను. ఒక్కో ముక్క రెండున్నర అడుగులే కాబట్టి రైల్లో బెర్తు మీద పక్కన పెట్టుకోవచ్చు. ఇంట్లో జోడించి చూసేటప్పుడు ఫ్యాన్ ఆపు, ఎన్నో రాడ్ల కొనలు ఫ్యాన్ రెక్కలకే పోతాయి. కార్బన్‌లో కరెంటు పారుతుంది, తీగల కింద గానీ ఉరుముల్లో గానీ ఎత్తకు. ఈ రాడ్‌ను యారాడ బీచ్‌కు తీసుకెళ్లి సీసం కట్టి విసరకు, తట్టుకోదు.

అక్కడ మత్స్య శాఖ లైసెన్సు తప్పనిసరి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ వేట నిషేధం కాబట్టి ప్రయాణం మార్చి కన్నా ముందు పెట్టుకోకు. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు లేనిదే వాడు, చేపను వదిలేటప్పుడు నోరు చీరుకుపోదు.

రీలు కూడా కొన్నాక ఆదివారం పొద్దున్నే మా ఇంటికి పట్టుకురా. తూకం ఇద్దరం కలిసి చూద్దాం, బరువు చాలకపోతే మార్చుకోవడానికి టైముంటుంది.

ఇట్లు,
మీ మావయ్య