రోమియో అండ్ జూలియట్: అలంకారాల పేర్లు వచ్చు, జవాబు రాయడం రాదు అన్నవారికి

షేక్స్పియర్ నాటకం రోమియో అండ్ జూలియట్‌లో అలంకారాల ప్రశ్న గురించి మీరు, "ఆక్సిమోరాన్, పన్, ఐరనీ అన్నీ కంఠతా వచ్చు, కానీ జవాబు రెండు వాక్యాలు దాటదు" అని రాశారు. డిగ్రీ రెండో ఏడు నాదీ ఇదే గోల. ఇంటర్ దాకా తెలుగు మీడియం. గైడు బట్టీ పట్టి, అలంకారం పేరు, దాని కింద ఒక ఉదాహరణ రాసి వచ్చేసేదాన్ని. ఇంటర్నల్‌లో 20కి 7 మార్కులు.

తర్వాత ఒక పని చేశాను. ఒకే అలంకారాన్ని ఎవరెవరు, ఎప్పుడు వాడారో పక్కపక్కన పెట్టి చూశాను. ఆక్సిమోరాన్ దాదాపు మన విరోధాభాసం లాంటిది, పొసగని మాటల్ని జతకట్టడం. మొదటి అంకం మొదటి రంగంలో రోమియో సీసపు ఈక, చల్లని నిప్పు, మెలకువగా ఉన్న నిద్ర అంటూ దండకం చదువుతాడు. అప్పటికి జూలియట్‌ని చూడనే లేదు. ఆ విరహమంతా రోసలిన్ కోసం, ఆమెకు నాటకంలో ఒక్క డైలాగూ లేదు! కవిత్వం చదివి ప్రేమలో పడ్డ కుర్రాడి మాటలు అవి.

ఇప్పుడు మూడో అంకం రెండో రంగం తియ్యండి. రోమియో టిబాల్ట్‌ని చంపాడని తెలిసి జూలియట్ కూడా అలాగే మాట్లాడుతుంది: అందమైన క్రూరుడు, పావురం ఈకలు తొడుక్కున్న బొంతకాకి. టిబాల్ట్ వాళ్ళమ్మ అన్నదమ్ముడి కొడుకు, మన వరసలో బావ. చంపినవాడు అప్పుడే తాళి కట్టినంత కొత్త మొగుడు. తిట్టాలో ఏడవాలో తెలియక నోట్లోంచి వచ్చిన మాటలవి. దాదికి ఇదంతా తిట్టులాగే వినిపించి "రోమియోకి సిగ్గుచేటు" అనగానే, జూలియట్ దాది మీదే విరుచుకుపడుతుంది. మూడు గంటల భార్యనైన నేనే అతని పేరు చెడగొడితే ఎలా అని తనని తానే తిట్టుకుంటుంది. ఈ పోలిక ఒక్కటే పేజీ నిండా వస్తుంది.

పన్ అంటే శ్లేష. కత్తిపోటు తిన్న రోమియో స్నేహితుడు మెర్క్యూషియో, రేపు నాకోసం అడిగితే 'గ్రేవ్' మనిషిగా కనిపిస్తానంటాడు. గంభీరం, సమాధి, రెండు అర్థాలూ రాసేయండి.

సానెట్ (14 పంక్తుల పద్యం) మాత్రం వదలకండి. రోమియో, జూలియట్ తొలిసారి మాట్లాడుకునే 14 పంక్తులు కలిపితే ఒక సానెట్. నాలుగు అతనివి, నాలుగు ఆమెవి, మిగతావి పంచుకుంటారు. అందులో అతను యాత్రికుడు, ఆమె పుణ్యమూర్తి. ఇటాలియన్‌లో రోమియో అంటేనే రోమ్ యాత్రికుడు. ఇది మా గైడులో లేదు.

ఐరనీకి, అంటే మనకి తెలిసింది పాత్రకి తెలియకపోవడానికి, చివరి రంగం చాలు. సమాధిలో జూలియట్ పెదవులు ఇంకా ఎర్రగా ఉన్నాయని రోమియోనే అంటాడు. ఆమె తాగింది చచ్చినట్టు నిద్రపుచ్చే మందని, అది పనిచేసేది 42 గంటలేనని మనకి తెలుసు, అతనికి తెలియదు. చనిపోయిందనుకుని విషం తాగబోతాడు. హాస్టల్ గదిలో "ఒరేయ్, కాస్త ఆగరా" అని పైకే అనేశాను.

వెలుగు చీకటి పోలికలు, జూలియటే సూర్యుడు అన్న మాటతో సహా, అందరూ రాస్తారు. మీరు ఒక వాక్యంతో సరిపెట్టండి.