ఆడీ మర్ఫీ ఏకాంకిక: యుద్ధరంగాన్ని సినిమా చూసి కట్టొచ్చా?

విజయనగరం ఆనందగజపతి కళాక్షేత్రంలో వేసే ఏకాంకికకు, రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన అమెరికా సైనికుడు ఆడీ మర్ఫీ కథతో 1955లో వచ్చిన ‘టు హెల్ అండ్ బ్యాక్’ సినిమా చూసి రంగం కట్టుకోవచ్చా అని అడిగారు. మర్ఫీ తన పాత్ర తానే వేశాడు గానీ, సినిమాని గుడ్డిగా నమ్మకండి.

1945 జనవరి 26న ఫ్రాన్స్‌లోని హోల్ట్‌జ్‌విర్ దగ్గర నేలంతా మంచు. సినిమాలో మంచు కనబడదు. ఆయన ఎక్కింది మంటలంటుకున్న ఎం10 ట్యాంక్ డిస్ట్రాయర్, అంటే శత్రు ట్యాంకుల్ని కొట్టే ఫిరంగి బండి. తెరమీద షెర్మన్ ట్యాంకు పెట్టారు. .50 క్యాలిబర్ మెషిన్‌గన్ బండికే బిగించి ఉంటుంది. దాన్ని నటుడి చేతికిచ్చి గెంతించారో, సీను కాస్తా నవ్వులపాలే. ఫీల్డ్ టెలిఫోన్ మాత్రం మరవొద్దు, ఫిరంగులకు గురి చెప్పింది దాంట్లోనే. కాలికి గాయమైనా దాదాపు గంటసేపు జర్మన్ సేనకు ఎదురుగా ఒక్కడే నిలిచాడు. కింద ఇంధనం, మందుగుండు ఏ క్షణాన పేలతాయో తెలీదు. ఉత్కంఠ అక్కడుంది, అరుపుల డైలాగులు అక్కర్లేదు.

కండలు తిరిగిన కుర్రాణ్ణి ఎంచుకోకండి. బక్కపలచగా ఉన్నాడని మెరైన్లు (అమెరికా సైన్యంలో ఒక విభాగం) వద్దన్న మనిషాయన. ఆ రోజుకి ఇరవై నిండలేదు.

అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ 1945 జూన్ 2న ఇచ్చారు. లేతనీలం రిబ్బనుతో మెడలో వేస్తారు, చొక్కాకి గుచ్చరు. పోరు సీన్లో అసలే వద్దు.

జులైలో లైఫ్ పత్రిక ముఖచిత్రంగా వచ్చిన ఆయన ఫొటో చూసి నటుడు జేమ్స్ కాగ్నీ హాలీవుడ్‌కి పిలిచాడు. తర్వాత 40కి పైగా సినిమాలు, ఎక్కువగా కౌబాయ్‌వే. పేరొచ్చినా నిద్ర పట్టేది కాదు. తలగడ కింద తుపాకీ ఉండేది. నన్నడిగితే రెండో రంగం ఆ మంచం దగ్గరే తెరవండి.